జంబోకు ముక్కు మార్చిన ఇంద్రాణి గారు

1988 ఆగస్టు ఎనిమిదో తేదీన పామిడి నుంచి వచ్చిన ప్యాసింజరు దిగి, శ్రీమతి ఇంద్రాణి గారు మన డీజిల్ షెడ్డులో అప్రెంటిస్ మెకానిక్‌గా విధులలో చేరారు. డ్రైవరు బయ్యన్న గారి కుమార్తెగా ఆమెను అప్పట్లో అందరూ ఎరిగేవారు. అనతికాలంలోనే ఆయనను ఇంద్రాణి గారి తండ్రిగా ఎరగసాగారు.

వేసవిలో షెడ్డు రేకులు పెనంలా కాగుతున్నా చిరునవ్వు చెదరనీయక, ఆమె సీనియర్ సెక్షన్ ఇంజనీరు పదవిని అలంకరించారు. దూరాన మలుపు తిరిగే ఇంజను ఆకారం చూసే అది పాత డబ్ల్యుడిఎం-2 రకమో, గూడ్సులు లాగే డబ్ల్యుడిజి-4 రకమో చెప్పేవారు. తీరిక వేళల్లో ఇత్తడి రేకులతో ఆ ఇంజన్ల నమూనాలు చేసేవారు.

చక్కెర వ్యాధితో చూపు కోల్పోయిన బయ్యన్న గారు కొన్నేళ్ల కిందట గడప దాటడం, నలుగురితో మాట్లాడటం మానుకున్నారు. తండ్రి ఏళ్ల తరబడి నడిపిన డబ్ల్యుడిఎం-2ను ఆయన చేతికే చూపించాలని ఇంద్రాణి గారు మూరెడు నమూనా చేసి ఒడిలో పెట్టారు. ఆయన వేళ్లు ముందుభాగం దగ్గర ఆగిపోయాయి.

"ఇది నా బండి కాదు పాపా."

"అదే నాయనా. దినామూ చూస్తాండా కదా, నాకు తెలీదా?"

"ముక్కు ఇంత సన్నంగా యాడుండాది? అగలంగా ఉండె. అద్దాలు పెద్దవి. పెన్న బ్రిడ్జి మీద పోతాంటే నీళ్లన్నీ కనపడతాండె."

ఆయన నమూనాను పక్కనపెట్టి గోడవైపు తిరిగారు. ఇంద్రాణి గారి మనసు చివుక్కుమంది. మరుక్షణమే విషయం స్ఫురించింది. ఆయన నడిపినది అందులోనే జంబో అనే రకం. ముందుభాగం బండి వెడల్పంతా పరుచుకుని, పెద్ద అద్దాలుండేది అదొక్కటే. ఏ రకమని తండ్రిని ఒక్కమాటైనా అడగకుండానే మొదలుపెట్టినందుకు నొచ్చుకుని, నెల రోజుల శ్రమను తన చేతులతోనే ఊడదీసి, ముక్కును వెడల్పుగా మళ్లీ చేసి అతికారు.

ఈసారి ఆయన వేళ్లు అద్దాల చట్రాన్ని తడిమి, లోపలి సీటు మీద నిలిచాయి.

"ఈడ కూర్చుంటాంటి" అన్నారు మెల్లగా. కాసేపటికి, "నన్ను స్టేషనుకు పిల్చుకపో పాపా" అని చేయి చాచారు.

ఆనాటి నుంచి పామిడి ప్లాట్‌ఫారం బెంచీ మీద ఆ నమూనాతో కూర్చుని, పలకరించిన ప్రతివారి చేత దాని ముక్కు తడిమిస్తూ, "మా పాప మొదట తప్పు చేసినాదిలే" అని మురిపెంగా చెప్పడం ఆయన నిత్యకృత్యమైంది. ఇంద్రాణి గారు పక్కన నిలబడి ఒప్పుకుంటూ నవ్వుతారు.

నేడు పదవీ విరమణ చేస్తున్న ఇంద్రాణి గారు నిండు ఆరోగ్యంతో, తరగని ఉత్సాహంతో నూరేళ్లు వర్ధిల్లాలని, ఇకపై డ్యూటీ సైరను తొందరపెట్టని ప్రతి ఉదయమూ తండ్రిగారి చేయి పట్టుకుని నింపాదిగా నడవాలని మన షెడ్డు కుటుంబమంతా మనసారా ఆకాంక్షిస్తోంది.