నాలుగు రబ్బరు బిళ్ళలు

1963 వానకాలం. మంచిర్యాలలో సర్కారు జీపులు బాగుచేసే షెడ్డు. జైనూర్ నుంచి వచ్చిన జీపులోని వైర్‌లెస్ సెట్టు ముందు మెకానిక్ లింగమూర్తి, డ్రైవర్ మొండయ్య.

"సెట్టు మూత ఎందుకు తీస్తున్నవ్ లింగమూర్తన్నా? కాయిదం మీద సంతకం పెట్టు, నేను పోత."

"ఆగు మొండయ్యా. ఛీ. వాల్వులన్నీ పిండి పిండి. ఒక్క గాజుబుడ్డి మిగల్లే. ఏ రోడ్డుకు తీస్కపోయినవ్?"

"ఎప్పటి రోడ్డే."

"గదే రోడ్డు మీద ఏడాది నడిచింది గద. సెట్టు కింద నేను పెట్టిన రబ్బరు బిళ్ళలేవి? నాలుగు మూలల నాలుగు. ఇనుము మీద ఇనుము పెట్టి బోల్టులు బిగిచ్చిందెవడు?"

"మా ఆఫీసరు సారు బిగియ్యమన్నడు. ఏలు పెట్టి నూకి చూసిండు, ఊగింది. ఊగుతుందంటే లూజే గద, అన్నడు."

"ఊగాలెననే పెట్టిన. గుంతల దెబ్బ రబ్బరు తింటది, లోపలి గాజుకు తగలది. చెప్పలేదా?"

"చెప్పిన. నీ పని స్టీరింగు, అన్నడు."

"మరి నా బిళ్ళలేడున్నయి?"

"ఏడనో..."

"ఏడ?"

"సారు సీటు కింద. నడుము నొస్తుందన్నడు. నేనే బిగిచ్చిన."

"థూ. సారు నడుముకు రబ్బరు, సెట్టుకు ఇనుము. వింటేనే రోత పుడుతుంది. మొన్న సెట్టుతోని ఏం పని పడ్డది?"

"ఒక పురుటామె. కడుపుల పిల్ల అడ్డం తిరిగింది. వాగు నిండుగొచ్చింది, డాక్టరేమో అవతలి క్యాంపుల ఉండె. హలో, హలో అని గొంతు పోయేదాక పిలిచిన. సెట్టు పలకలే."

"తర్వాత?"

"తల్లి దక్కింది. పిల్ల దక్కలే."

"గీ కాయిదంల ఏం రాసిన్రు? 'మెకానిక్ వేసిన రబ్బరు కుళ్ళినందున సెట్టు చెడినది.' గా పిల్లను నేనే సంపిన్నని ఒప్పుకోవాల్నా?"

"ఒప్పుకుంటే ఒట్టి మందలింపేనట. లేకుంటే నౌకరి పోతదట."

"కింద సాక్షి సంతకం ఎవనిది?"

"సంతకం పెట్టు అన్నా, పొద్దు పోతుంది."

"నిన్నే. ఎవనిది?"

"నాదే."

"నీదా. బిళ్ళలు తీసింది నువ్వు, బోల్టులు బిగిచ్చింది నువ్వు, నా మీద సాక్ష్యం గూడ నువ్వేనా?"

"పెట్టకుంటే నా నౌకరి తీస్తనన్నడు. ఇంట్ల ఏడుగురం అన్నా."

"నిన్ను చూస్తే సారే నయమనిపిస్తుంది. గా పురుటామెకు ఏం మొఖం చూపిస్తవ్?"

"పొద్దుగాల చూపిచ్చే వచ్చిన. మా యాదవ్వనే అన్నా, నా పెద్దబిడ్డ."