గాజుల చేతి కొలత

పుంగనూరు బస్టాండులో మదనపల్లి బస్సు కోసం చూస్తూ, మనవరాలి మొహం మాడిపోయి ఉండటం గమనించింది అవ్వ. పాల సంఘం ఆడవాళ్లకు గడ్డి కత్తిరించే మిషన్లు ఇరవై చేయించాలని ఆ పిల్ల రెండు వర్క్‌షాపులు తిరిగింది.

"యాల మే అట్లుండావు?"

"కుప్పం వర్క్‌షాపాయన సాంపిల్ మిషన్ సూసి, సూపర్ మేడమ్, పది దినాల్లో ఇస్తా అన్యాడవ్వా. ఈ పుంగనూరాయనేమో తప్పుండాదంటాడు."

"ఎట్ల కనిపెట్న్యాడు?"

"మిషన్ ఆపి, వాళ్ళింటామెను పిలిచి గడ్డి దోపే మూతిలో చెయ్యి పెట్టమన్యాడు. గాజులు పోయి బ్లేడుకు తగిలినాయి. గడ్డి పెట్టేది ఆడోళ్ళు కదా, మూతి ఇంకో జానెడు పొడుగుంటేనే చేస్తానంటాడు. నెల పడతాదంట."

అవ్వ కుడిచేయి ఒళ్లోంచి తీసింది. దానికి మూడే వేళ్లు.

"మీ నాయన సంకలో ఉండే బిడ్డప్పుడు నేనూ పెట్టినా, గాజుల చెయ్యే. ఆ మిషన్ చేసినోడు పెండ్లాన్ని పిల్సలేదు. బలే మనిషి దొరికినాడు నీకు!"

"అవ్వా, బస్సొచ్చె."

"పోనీలే. నన్ను ఆయప్ప షాపుకు తోల్కోని పో. ఈ చేత్తోనే దండం పెట్టొస్తా."