చక్రవర్తి తెల్లంగి

ఏ తెల్లంగి? ఆ మేకుకు వేలాడేదా? అది నాది గాదు మల్లేశ్. శాంతరాజుది. నువ్వు ఈ అరబ్బు దేశం రాకముందు నీ మంచం మీద పండేటోడు, పెద్ద క్రేన్ ఆపరేటర్, గుంటూరు దిక్కోడు. సచ్చిపోయి మూడేండ్లాయె గని ఆ అంగి తియ్యబుద్ధి గాదు. కూసో, చాయ్ తాగుకుంట చెప్త.

మనిషి బంగారమే. నోరే, ఆ నోరే... ఏం చెప్పాలె, వాడు తిట్టుడు మొదలువెడితే తెలుగు రాని ముదీర్, అదే మా మేనేజరు సుత చెవులు మూసుకునేటోడు. నేను కిందికెల్లి వాకీటాకీల ఎత్తు, దించు అని చెప్పేటోన్ని గదా, పదేండ్ల తిట్లన్నీ నా చెవులల్లనే పడ్డయి. వాళ్లావిడ జ్ఞానకుమారి అజ్మాన్ల నర్సు. జ్ఞానస్నానం తీస్కోండి, తీస్కోండి అని లగ్గమైనకాంచి వెంటపడ్డది. వీడి నాయన కిరస్తానీ పేరైతే వెట్టిండు గని స్నానం ఇప్పియ్యలేదాట. వీడు వారం వారం చర్చికి వోతడు, గొంతెత్తి పాడుతడు, నీళ్ల మాట రాంగనే జారుకుంటడు. ఎందుకురా అంటే రోమా చక్రవర్తిని తెచ్చి నా ముంగట కూసోవెట్టేటోడు. కాన్‌స్టంటైన్ అంట. ఎన్నడో పదిహేడు వందల ఏండ్ల కింది ముచ్చట. ఆకాశంల శిలువ కనవడ్డదాట, యుద్ధం గెలిచిండాట, క్రైస్తవులను సతాయించుడు బంద్ వెట్టిచ్చిండాట, చర్చిలు కట్టిచ్చిండాట. ఇప్పటికీ కొన్ని దేశాలల్ల పునీతుడని మొక్కుతరాట. గంత చేసినోడు సుత, స్నానం మాత్రం పానం పొయ్యే ముంగటనే తీసుకున్నడాట. "రాజ్యమేలేవాడికి పాపం తప్పదు భీమన్నా, క్రేన్ నడిపేవాడికి తిట్టు తప్పదు. ముందే కడుక్కుంటే మళ్లీ మురికే గదా. ఆయన లాగే నేనూ ఆఖర్న" అనేటోడు. ఆఖరు నీకు చెప్పొస్తదారా అంటే నవ్వుతుండె.

ఆగు, చాయ్ పొంగుతున్నట్టుంది. ఆఁ, ఏడున్న? కరోనా. రెండువేల ఇరవై ఎండకాలం, క్యాంపుకు తాళం. నాకూ వాడికీ ఇద్దరికీ అంటింది, గిదే రూముల వడేసిండ్రు. నాకు దగ్గు, వాడికైతే దమ్మే ఆడుతలేదు. అంబులెన్సుకు ఫోన్ కొడితే వస్తున్నం, వస్తున్నం అంటరు గని రారు. పట్టపగలు పన్నెండు గొట్టంగ వాడు నా చెయ్యి వట్టుకున్నడు. "అన్నా, ఆఖరు వచ్చింది. నీళ్లు పొయ్యి" అన్నడు. నేను వేములవాడ గుళ్లె రాజన్నకు కోడె మొక్కు కట్టేటోన్ని, నేనేంది, నీకు స్నానమేంది? జ్ఞానకుమారి ఏడ్సుకుంట ఫాదర్‌ను ఫోన్ల కలిపింది. ఆయన నెమ్మదిగ చెప్పిండు, ఆపదల ఎవరైన స్నానం ఇయ్యొచ్చు, మనసుల నిజంగ ఇయ్యాలని ఉంటె చాలు, నేను చెప్పినట్టు అనుకుంట తల మీద జరన్ని నీళ్లు పొయ్యి అని. జరన్ని అంటె నాకేమెరుక? లీటరున్నర సీస మొత్తం గుమ్మరిచ్చిన. పిత అన్న, పుత్ర అన్న, గంతే. మంచం మీది ఫోన్ నీళ్లల్ల మునిగి బంద్ అయింది.

ఇగ తరువాత మాట నాకు రాదు. వాడేమో కండ్లు మూసుకున్నడు. ఎట్లనన్న పూర్తి చెయ్యాలె గదా. "రాజన్నా, మిగిలింది నువ్వు సూసుకో తండ్రీ" అన్న. అంతల్నే అంబులెన్సోళ్లు వచ్చి ఎత్తుకపోయిండ్రు.

పదకొండో రోజు ఫోనొచ్చింది. నేను భయపడుకుంటనే ఎత్తిన. వాడే. "కొంప మునిగింది భీమన్నా. చక్రవర్తి గారు స్నానం చేసి హాయిగా పోయారు. నేను బతికాను. ఇప్పుడు తిట్టకుండా ఎలాగన్నా?" అన్నడు. నవ్వీ నవ్వీ నాకు దగ్గు మర్లవడ్డది.

కాని నిజంగనే తిట్లు బంద్ వెట్టిండు మల్లేశ్. స్నానమైనంక చక్రవర్తి రాజు బట్టలు ముట్టలేదాట, తెల్లయే తొడిగిండాట. జ్ఞానకుమారి గా అంగి కుట్టిచ్చి పంపింది. గ్రీజుల క్రేన్ నడిపేటోడు తెల్లంగి! వారం వారం ఉతికేటోడు. కోపమొస్తె తిట్టకుండ హారన్ కొట్టేటోడు. పొట్టి హారనైతే చిన్న తిట్టు, పొడుగైతే అమ్మనూ ఆలినీ కలిపి తిట్టినట్టు. యార్డంత పడిపడి నవ్వేది. నాకు మాత్రం లోపల ఒకటే రంధి. వాడేమో ఆ స్నానం నమ్ముకొని నోరు కట్టుకున్నడు, నేనేమో సగం చేసి రాజన్నను ఇరికిచ్చిన. అది లెక్కకొస్తదో రాదో. చెప్తే వాడి మనసు ఇరుగుతదేమో. రెండేండ్లు కడుపుల దాసుకున్న.

వాడు ఛుట్టీకి ఊరికి పొయ్యే ముందురోజు ఇగ ఆగలేదు. వాడు మీద, నేను కింద, వాకీటాకీల మొత్తం చెప్పేసిన. ఆనక హారన్ కొట్టిండు సూడు, గంత పొడుగు హారన్ నా జిందగీల ఇనలే. పనోళ్లందరూ ఆగి మీదికి సూసిండ్రు. హారన్ ఆగినంక మెల్లగ మాట్లాడిండు. "ఆ రోజే విన్నానన్నా. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఫాదర్ గారికి చెబితే మిగిలింది ఆయన పూర్తి చేశారు. రాజన్న మాట మాత్రం ఉండనివ్వండని అడిగాను."

ఊర్లె నిద్రల్నే పోయిండు, నెల తిరగకముందే. ఆ అంగి నాకే పంపింది జ్ఞానకుమారి...

అగో, ఇన్నవా? పక్క యార్డుల ఎవడో క్రేన్ హారన్ కొడుతుండు. పొట్టిదే. ఆ గ్లాసిటియ్యి, కడుగుత.