గోవిందన్న ఎడమకాలు

రెండువేల తొమ్మిది, ఫిబ్రవరి పన్నెండు, గురువారం, సాయంత్రం నాలుగూ పది. ఎమ్మిగనూరులో అంత జనం చూస్తాండంగా మీ చిన్నతాత గోవిందన్న ఆటస్థలం గీత పక్కన నేలమీద కూలబడినాడు. గంటాగడియాతో సహా ఎట్ల గుర్తుందంటావా దీపికా? గురువారం నాకు ఒంటిపొద్దు. రాఘవేంద్రస్వామికి సందెదీపం పెట్టేదాకా నీళ్ళు తప్ప ముట్టను. ఆకలైన మనిషికి గడియారం కనపడినంత బాగా ఇంకేదీ కనపడదు. పెట్టెలోంచి నువ్వు తీసిన ఆ పచ్చ బనీను ఆయనదే. మడతబెట్టి ఆడనే పెట్టమ్మా. పోయి పదేండ్లయినా దాన్ని ఎవురికీ ఇయ్య బుద్ధి కాలేదు నాకు.

మీ తాతకు తమ్ముడు గదా, నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి పదేండ్ల పిల్లోడు. నేతోళ్ళ ఇంట్లో పుట్టి మగ్గం గుంతలో ఒక్కనాడు కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. కాలికి ఏది దొరికితే అది తన్నడమే. నూలుచుట్ట, కొబ్బరిచిప్ప, మా అత్త సుంకమ్మ ఎండబెట్టుకున్న చింతపండు ఉండ గూడా. ఆ తన్నుడే ఆయనకు అన్నం పెట్టింది చూడు, దేవుని లీల. బెంగళూరులో ఒక క్లబ్బోళ్ళు జీతమిచ్చి ఫుట్‌బాల్ ఆడించుకున్నారు, పద్నాలుగేండ్లు. మా అత్తకు అది అర్థం కాదు. "బెంగళూరులో ఏం పని చేస్తాడమ్మా నీ చిన్నకొడుకు?" అని పక్కింటి రామక్క అడిగితే, "ఏమో తల్లీ, పరిగెత్తుతాడంట, నెల కాంగానే ఇస్తారంట" అనేది. పెండ్లి మాటెత్తితే ఈ సంవత్సరం ఆట అయిపోనీ అనేటోడు. ఆట అయిపోయేసరికి నలభై దాటె, కుడిమోకాలు చెడిపాయె. ఆపరేషన్ చేసినారు, కానీ సరిగ్గా మడత పడదు. కూర్చుంటే లేయలేడు, లేస్తే కూర్చోలేడు. మగ్గంలో కూర్చుందామన్నా ఇంక పనికిరాడు.

అట్లాంటప్పుడు ఆదోనిలో దూది వ్యాపారం చేసే పాండురంగయ్యగారు, ఆయనకొక కాలేజి ఉండేది, మా పిల్లోళ్ళకు ఆట నేర్పు అని పిలిచినాడు. ఇల్లంతా పండగ చేసుకున్యాం. అయితే ఒక్క చిక్కు. ఆడేది తెలుసు గానీ, ఆడించేది తెలియదే ఈయనకు! పిల్లోళ్ళ దగ్గర బంతి కనపడితే చాలు, "అట్ల గాదురా, ఇట్ల" అని లాక్కొని తానే పోయి గోలు కొట్టి వచ్చేటోడు. పిల్లోళ్ళు వరసగా కూర్చొని చప్పట్లు కొట్టేటోళ్ళు. మూడు నెలలు నేర్పినాక వాళ్ళకు బాగా వచ్చింది చప్పట్లేనని మీ తాత ఎగతాళి చేస్తాండె.

సరే, అదన్నా మనలో మన మాట. జనవరిలో ఆదోనిలో పెద్ద ఆట జరిగింది. ఈయన గీత బయట నిలబడుకొని ఉండాల్సినోడు. బంతి ముందరికి దొర్లుకుంటా వచ్చింది. అంతే, లోపలికి అడుగుపెట్టి ఒక్క తన్ను తన్నినాడు. గోల్‌లో పడింది. రెండు చేతులూ పైకెత్తి గ్రౌండు చుట్టూ కుంటుకుంటా పరుగు. రెండో చుట్టులో చూసినాడంట, రెఫరీ నోరు తెరుచుకొని నిలబడి ఉండాడని. గోలు చెల్లదన్నారు, ఈయన్ని బయటికి పంపినారు, అవతలోళ్ళు గెలిచినారు. పాండురంగయ్య కోపంగా అరిచే మనిషి కాదు. కండువా సర్దుకొని మెల్లగా చెప్పినాడంట. "గోవిందన్నా, ఇంకొక తూరి నీ కాలు బంతికి తగిలితే, మరుసటి రోజు నువ్వు ఆదోని బస్సు ఎక్కే పని ఉండదు."

ఇంటికొచ్చి అన్నం ముందర కుర్చీలో కూర్చొని కలుపుకోలేదు పాపం. నేనేం చేతునప్పా, కాలు నా మాట వినదు అంటాడు. అప్పుడు మీ తాత చెప్పినాడు. మా మామగారు కొడుకులకు నేత నేర్పేటప్పుడు గుంతలోకి దిగేటోడు కాదు. ఎనక నిలబడి తన తువ్వాల రెండు కొసలూ రెండు చేతుల్తో గట్టిగా పట్టుకొని ఉండేటోడు, చెయ్యి ముందుకు పోకుండా. నేర్పేటోని చెయ్యి పడిన బట్ట నేర్చుకునేటోనిది గాదు, అది మా ఇంటి పద్ధతి. పోగు తెగనీ, పేక చిక్కుపడనీ, ముట్టేటోడు కాదు. గోవిందన్న అంతా విని, "చేతులకు తువ్వాల ఉంది, కాళ్ళకేముందన్నా?" అన్నాడు.

నాకు తోచింది నేను చేసినాను. ఆ గురువారం ఆట మా ఊర్లోనే, బళ్ళారి కాలేజి పిల్లోళ్ళతో. పొద్దున పూజయినాక పసుపుదారం తీసుకొని, "అప్పా, కాలు చాపు" అన్నాను. ఈ కాలు బంతిని ముడితే స్వామి మీద ఆన అని చెప్పి చీలమండకు మూడు ముడులేసినాను. మగోళ్ళకు కట్టేది కుడికే గదా, కుడికాలికి కట్టినాను. ఆయన ఏదో చెప్పబోయి, నా మొగం చూసి, దండం పెట్టినాడు.

గ్రౌండుకు నేనూ మా అత్తా గూడా పోతిమి. వేపచెట్టు కింద ఆడోళ్ళం నలుగురం. మా ఎనకల అయ్యన్న అని ఒక ముసలాయన, ఒకప్పుడు బెంగళూరు పోయి గోవిందన్న ఆట చూసినోడంట, పక్కనోనికి చెప్తాండాడు. "ఆయన కుడికాలు ఊరికే నిలబడేదానికేప్పా. పద్నాలుగేండ్లు తిన్న జీతమంతా ఎడమకాలిదే!" అప్పుడు తెలిసింది నాకు. మోకాలు చెడిన కాలికి ఆన పెట్టినాను, బంతి తన్నే కాలిని ఊరిమీదికి వదిలిపెట్టినాను. పోయి చెప్దామంటే ఎట్ల? నా గొంతు పక్కింటికే వినపడదు. మా అత్తను అడిగితే, "రెండిటికీ కట్టి ఉంటే పీడ పోయేది గదే" అనింది.

రెండు పక్కలా ఒక్కొక్క గోలు. కొంచెం సేపుంటే ఆట అయిపోతాది. అప్పుడొచ్చింది బంతి. గీతకు లోపల జానెడు దూరంలో, పెండ్లికూతురు మాదిరి నిదానంగా, సరిగ్గా గోవిందన్న ముందరికి. అవతల గోలు కాసేటోడు యాడికో ముందుకొచ్చేసినాడు, గోల్ ఖాళీ. దగ్గరలో ఉన్నోడు మన జట్టు పిల్లోడు వీరేష్ ఒక్కడే. ఆ పిల్లోడు పరిగెత్తడే! సార్ కొడతాడులే అని నిలబడి చూస్తాండాడు, మూడు నెలల అలవాటు గదా. గోవిందన్న ఎడమకాలు లేసింది. నేను కండ్లు మూసుకొని స్వామీ అన్నాను. దబ్బుమని చప్పుడు. తెరిచి చూస్తే బంతి ఎవురూ తన్నకుండానే నిదానంగా దొర్లుకుంటా పోతాంది, ఈయన మాత్రం నేలమీద ఉండాడు. మడత పడని మోకాలితో, కూర్చోలేని మనిషి, కూర్చున్నాడు. దారం కట్టిన కాలు చాపుకొని, ఎడమకాలిని రెండు చేతుల్తో రొమ్ముకు అదుముకొని. సార్ కూర్చుంటే ఇంకెవురు కొడతారు? వీరేష్‌కు అప్పుడు తెలివొచ్చి ఉరికినాడు. కొట్టినాడు గూడా. గోల్ పైనుంచి పోయి బొరుగుల బండిమీద పడింది. బొరుగులాయన తిట్టిన తిట్లు నీకు చెప్పరాదులే.

ఆట సరిసమానంగా అయిపాయె. నలుగురు పిల్లోళ్ళు పట్టి లేపితే గానీ ఈయన లేయలేదు. పాండురంగయ్య వచ్చి చూసి, "గెలవలేదు. అయినా పిల్లోడు తన్నినాడు, నువ్వు తన్నలేదు. రేప్పొద్దున రా" అని పోయినాడు. నేను కండ్లనీళ్ళతో పోయి, నాకు తెలీదప్పా, ఎడమకాలికి కట్టాల్సింది, ఆ కాలికి ఆన లేదు గదా, ఎందుకు కూర్చుంటివి అంటిని.

"నువ్వు యా కాలనుకొని కట్టినావో స్వామికి తెలుసు గదా వదినా" అన్నాడు. మళ్ళ ఎడమకాలు తడుముకుంటా, "నిలబడింటే కొట్టింటాను" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున రెండు మగ్గాలూ నిలిపేసినాం. మోకాలు గుమ్మడికాయంత వాచింది, ఒక్కన్నే ఎట్ల పంపేది? శుక్రవారం ఇంటినుంచి ఆడపిల్లను పంపరంటారు గానీ, ఈయన మగపిల్లోడే గదా. నేను బొట్టుపెట్టినాను, మా అత్త బొరుగులతో చేసిన ఉగ్గాని టిఫిన్‌లో సర్దింది, మీ తాత ఆయన చెయ్యి భుజం మీదేసుకున్నాడు. ఆదోని బస్సులో అడ్డంగా కాలు చాపిచ్చి తీసుకపోతిమి. ఆడికి పోతే పిల్లోళ్ళు కుర్చీ తెచ్చేసినారు. మేము ముగ్గురం గోడపక్కన చెప్పులు విడిచి వరసగా కూర్చొని, ఎనిమిదికి ఆట నేర్పేది అయిపోయేదాకా ఆయన ఎడమకాలినే చూసుకుంటా ఉన్యాం.

తాకలేదమ్మా.