మధ్యలో మెల్లగా పాడేది

హలో… ఆ, నేనేనండి. వందనాలు అయ్యగారూ, చెప్పండి.

…

మిషను మీద ఉన్నానండి. పాపకి తెల్ల ఫ్రాక్ కుడుతున్నా. కొన్నవేవీ దానికి నిలవడం లేదు. జబ్బులో అంత చిక్కిపోయింది మరి… వాళ్ళ నాన్న పెట్టె తేవడానికి వెళ్ళారు. … ఆ, చిన్నదే. ఏడేళ్ళ పిల్లకి ఎంత కావాలండీ.

…

రేపు పొద్దున ప్రార్థన చర్చి పెద్ద హాల్లోనా? … అందరికీ ముందు, మీ పక్కనే ఉంచుతారా దాన్ని?

— లేదండి, ఏడవడం లేదు. నవ్వొచ్చింది. … ఎందుకంటే ఏం చెప్పను. ప్రతి ఆదివారం మొదటి పాట అవగానే మీరు తలూపేవారు, పిల్లలందర్నీ వెనక గదిలోకి తోలేసి తలుపేసేవారు. "అమ్మా, నేనెప్పుడు ఉండొచ్చు మీతో?" అని మా పిచుక ఒకటే గొడవ. పెద్దయ్యాక, అనేదాన్ని. … ఇప్పుడు పెద్దదైపోయిందన్నమాట.

…

మిమ్మల్ని నొప్పించాలని కాదండి. … తెలుసు, అల్లరి చేస్తారు, వాక్యం వినబడదు. … అవును, ఓసారి హాల్లోనే ఉండిపోయి, అందరూ కళ్ళు మూసుకుంటే ఇదొక్కతే "ఆమెన్" అని అరిచింది. మీ ఇంట్లో అమ్మగారే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. నాకూ గుర్తుంది.

ఒక్క మాట వింటారా? దానికి ఒక్క పాటా పూర్తిగా రాదు. తలుపు అవతలికి గట్టిగా పాడినవే వినబడేవి, అవే నేర్చుకుంది. మొన్న ఆస్పత్రిలో అడిగింది, "మధ్యలో మెల్లగా పాడతారే, అక్కడేముంటుందమ్మా?" అని. … పాడానండి. నర్సు సెలైన్ మారుస్తుంటే, దాని చెవి దగ్గర కూర్చుని పాడా. సగంలోనే నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు.

…

పర్లేదండి.

రేపు ఆ గదిలో పిల్లలంతా హాల్లోకి రావాలండి. దాని చుట్టూ కూర్చోవాలి. నేనడిగేది అదొక్కటే. … ఏంటీ? … జడుసుకుంటారా? వాళ్ళ స్నేహితురాలేగా అండీ. … రేపు కూడా వెనక గదిలోనేనా?

… సంఘ పెద్దలు పక్కనే ఉన్నారా? అయితే ఇప్పుడే అడగండి. నేను లైన్లోనే ఉంటా.

…

ఊఁ… ఊఁ… వద్దన్నారా.

సరేనండి. అయితే పెట్టె హాల్లోకి తీసుకురాం. … వెనక గదిలోనే దించుతాం, పిల్లలు కూర్చునే చాప మీద. పిల్లల తల్లులతో నేను మాట్లాడుకుంటా. … చోటు చాలదని నాకూ తెలుసండి. నేనూ వాళ్ళ నాన్నా పిల్లలతో సర్దుకుంటాం. పెద్దవాళ్ళంతా హాల్లోనే కూర్చోండి. … లేదు, తలుపేసే ఉంటుంది.

… పిల్లలు పాడతారు అయ్యగారూ. గట్టిగా పాడినవి మీకు వినబడతాయి లెండి.

ఉంటానండి. ఫ్రాక్‌కి ఇంకా చేతులు కుట్టాలి.