పిచ్చుకల గడ్డి

చెల్లెలు వారం తర్వాత ఊరి నుంచి వచ్చేసరికి ఇంటి ముందంతా సిమెంటు. తాపీమేస్త్రీ అన్నయ్య చేతులు కడుక్కుంటూ నవ్వాడు.

“ఎలా ఉంది? నేనొక్కణ్ణే చేశాను.”

“నా గడ్డేది? ఆ గింజల కోసమే రోజూ పిచ్చుకలొచ్చేవి.”

“పిచ్చి గడ్డి, పీకేశాను. వీధంతా నున్నగా ఉంటే నీ ఇల్లొక్కటీ పాడుబడినట్టుంది. నలుగురూ ఏమనుకుంటారు?”

“ఆ నలుగురిలో ఒక్కడైనా నా గడప తొక్కాడా? వచ్చేవి పిచ్చుకలే. వాటినీ తరిమేశావు!”

“అరవకే. నీ మంచికేగా!”

“చిన్నప్పుడు నా జడ కత్తిరించినప్పుడూ ఇదే మాట. అడిగి చావొచ్చుగా అన్నయ్యా!”

“సరే, ఇప్పుడేం చెయ్యమంటావ్?”

“గునపం తియ్యి.”

“పిచ్చా? పొద్దున పోసిందే, ఇంకా ఆరనైనా లేదు.”

“మరీ మంచిది. ఆరకముందే తవ్వు. ఈసారి నిజంగా నా మంచికే.”