ఉతకని చద్దర్

హలో, అందరూ బాగున్నారా? 1959లో సోలాపూర్ దాజీ పేట్‌లో ఒక చిన్నపాప కనబడలేదు. వెతకడానికి పోలీసాయన కుక్కతో వచ్చాడు. తల్లి పాప గౌను ఇచ్చింది.

"ఏందక్కా, ఇది ఉతికిన గౌనా?"

"పోలీసోళ్లకు మురికిది ఎట్లిస్త తమ్మీ? పెట్టెలకెల్లి మంచిది తీసిన."

"పాప వాసన పోయింది గదా! ఉతకనిది లేదా?"

"కప్పుకునే చద్దర్ ఉంది. గని ఈ తోడేలసొంటిది నా బిడ్డను కరవదా?"

"అల్సేషియన్ అక్కా ఇది. దీని తాతలు జర్మనీల గొర్లు కాసినయి. తప్పిపోయినదాన్ని కరవదు, కాస్తది."

చద్దర్ వాసన చూసి కుక్క పోలీసాయనను నూలు గోదాములోకి లాక్కెళ్లింది.

"అక్కా, ఇటు రా! పాప మూటల నడుమ పండుకుంది. కుక్క పక్కనే కూసుంది, చూడు."

"పాపను లేపకు తమ్మీ. ముందుగాల ఈ కుక్కకు భాకర్ రొట్టె తెస్త."

కుక్కంటే భయపడే మీవాళ్లకు ఈ ముచ్చట పంపండి.